శాస్త్రపత్రములలో అసత్య మెంత?

ప్రకృతిని గూర్చి ఒకడు కనుగొన్న సత్యము పదుగురి సొత్తు కావలెనన్నచో, అతడు తాను చేసిన ప్రయోగమును, చూచిన ఫలితమును, దానినుండి తీసిన నిర్ణయమును వ్రాసి ఒక శాస్త్రపత్రికలో ప్రకటింపవలెను. ఆ వ్రాతను నమ్మి మఱియొకడు తన ప్రయోగమును నడపును. ఇరువురి వ్రాతలను నమ్మి వైద్యుడు రోగికి మందిచ్చును, ప్రభుత్వము బిడ్డలకు టీకా వేయించును, రైతు విత్తనము మార్చును. ఈ పరంపర యంతయు, వ్రాసినవాడు తాను చూచినదే వ్రాసెనను నొక్క విశ్వాసముపై నిలిచియున్నది. ఆ విశ్వాసము ఎంతవఱకు సార్థకము? ప్రకటితములగుచున్న పరిశోధనపత్రములలో బుద్ధిపూర్వకమైన యసత్యము ఏపాటి కలదు? ఈ ప్రశ్నకు గడచిన యిరువదియేండ్లుగా కొందఱు శాస్త్రజ్ఞులు కొలతలతో సమాధానము వెదకుచున్నారు. ఆ కొలతలు మన సీమవారికి పరాయివిషయములు కావు. ఏలయన, ఈ చరిత్రలో మిక్కిలి మలినమైన ఘట్ట మొకటియు, మిక్కిలి నిర్మలమైన ఘట్ట మొకటియు పూర్వపు చిత్తూరు జిల్లాలోనే జరిగినవి.

మలినమైనదానిని ముందుగ చెప్పుదును. 2008వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అమెరికా రసాయనశాస్త్రసంఘమువారి వార్తాపత్రిక యొక సమాచారమును ప్రకటించెను. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడుగ నున్న పి. చిరంజీవి 2004 మొదలు 2007 వఱకు ప్రకటించిన వ్యాసములలో 70కి పైగా, పరుల రచనలనుండి యపహరింపబడినవో, కల్పితములో యని విశ్వవిద్యాలయమువారు నిర్ధారించిరని యా వార్త సారాంశము. ఆ వ్యాసములు పాశ్చాత్యదేశములనుండి వెలువడు 25 పత్రికలలో అచ్చయియుండెను. టెక్సాస్ రాష్ట్రమందలి ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 'అనలిటికా కిమికా ఆక్టా' యను పత్రికకు సంపాదకులలో నొకడుగ నుండిన పూర్ణేందు దాస్‌గుప్తా ఈ వ్యవహారమును వెలికి దెచ్చినవారిలో ముఖ్యుడు. తుదకు విశ్వవిద్యాలయము, పరిశోధకవిద్యార్థులకు మార్గదర్శకత్వము వహించు నధికారమును ఆ యాచార్యునికి లేకుండ జేసెను.

ఇందు మనము విచారింపవలసినది ఒక వ్యక్తి పతనముకన్న, ఆ పతనము నాలుగేండ్లపాటు ఎవరి కంటను పడకుండుట. శాస్త్రపత్రికకు వచ్చిన వ్యాసమును సామాన్యముగ ఇద్దఱు ముగ్గురు సమీక్షకులు చదివి యోగ్యతను నిర్ణయింతురు. డెబ్బది వ్యాసములన్నచో నూటికి పైబడిన పఠనములు జరిగియుండవలెను. ఐనను వానిని దాటి యవి యచ్చయినవి. దీనికి సమీక్షకుల యశ్రద్ధయే కారణమనుట న్యాయము కాదు. సమీక్షకుడు వ్యాసములోని తర్కమును పరీక్షించును, పద్ధతిలోని లోపములను పట్టును, లెక్కలను సరిచూచును. కాని ప్రయోగశాలలోనికి పోయి యచటి దినచర్యపుస్తకమును తెఱచి చూడడు. వ్రాసినవాడు సత్యసంధుడనియే యతడు బయలుదేరును. సమీక్ష యను నేర్పాటు పొరపాట్లను పట్టుటకు నిర్మింపబడినది గాని, వంచకులను పట్టుటకు నిర్మింపబడినది కాదు.

శాస్త్రీయవంచన యన్నప్పుడు మూడు దోషములను ముఖ్యముగ చెప్పుదురు. చేయని ప్రయోగమునకు ఫలితములు వ్రాయుట కల్పన. చేసిన ప్రయోగపు ఫలితములను కోరికకు ననుకూలముగ దిద్దుట వక్రీకరణము. పరుల వ్రాతను తనదిగ ప్రకటించుట చౌర్యము. ఈ మూటికిని వెలుపల, అబద్ధమని వేలెత్తి చూపరానిదియు, నిజమని నమ్మి స్వీకరింపరానిదియునగు విశాలమైన మధ్యభూమి యొకటి కలదు. దానిని పుంగనూరు ఆవు నుదాహరణముగ గైకొని వివరింతును. ఇంచుమించు మూడడుగుల యెత్తు మాత్రమే యెదుగు ఈ పొట్టిజాతి గోవును పలమనేరులోని పశుపరిశోధనస్థానమువారు ఏండ్లుగా సంరక్షించుచున్నారు. దీని పాలలో వెన్న నూటికి ఎనిమిది పాళ్ళవఱకు నుండునని లోకమున ప్రచారము కలదు. ఈ ప్రచారమును కొలతతో పరీక్షింపబూనినవానికి ఎన్ని త్రోవలు తెఱచియున్నవో చూడుడు. ఏ యావుపాలలోనైనను పితుకునపుడు తొలిధారలలో వెన్న తక్కువగను, తుదిధారలలో నెక్కువగను ఉండును. ఈనిన పిమ్మట నెలలు గడచుకొలదియు, మేత మారుకొలదియు, ఉదయపు పితుకునకును సాయంకాలపు పితుకునకును నడిమి వ్యవధి మారుకొలదియు ఆ పాలు మారుచుండును. కావున ఒకడు తుదిధారలను మాత్రమే పట్టి, వట్టిపోవు కాలము సమీపించిన యావులను మాత్రమే యెన్నుకొని, పది కొలతలు తీసి హెచ్చుగ వచ్చిన నాలుగింటిని మాత్రమే వ్రాసినచో, ఒక్క యంకెనైనను కల్పింపకయే తాను కోరిన ఫలితమును ముద్రింపవచ్చును. వ్రాసిన ప్రతి యంకెయు నిజమే. వ్యాసము మాత్రము అబద్ధము. ఆవు లెన్ని, వాని నెవ రెన్నుకొనిరి, ఏ వేళ ఏ ధారలను కొలిచిరి, కొలిచిన వన్నియు వ్రాసిరా యని యడుగుట పాఠకుని హక్కు. ఈ ప్రశ్నలకు వ్యాసమున సమాధానము లేనిచో, ఎంత గౌరవనీయమైన పత్రికలో అచ్చయినను ఆ యంకెకు విలువ లేదు.

ఇక నసలు ప్రశ్నకు వత్తము. వంచన యెంత యన్నప్పుడు తొలుత చేతికందు కొలత ఉపసంహరణముల లెక్క. దోషము బయటపడిన వ్యాసమును పత్రిక బహిరంగముగ వెనుకకు తీసికొనుటకే ఉపసంహరణమని పేరు. 2018 నాటికి ఈ లెక్క పదివేల వ్యాసములకు నాలుగు మాత్రమే. 2023వ సంవత్సర మొక్కదానియందే ఉపసంహృతములైన వ్యాసములు 10,000 దాటినవి. వానిలో 8,000కు పైగా హిందావీ యను నొక్క ప్రచురణసంస్థకు చెందినవి. నేటి పరిమాణము వేయికి రెండు చొప్పున నున్నది. వీనిలో నిజాయితీగల పొరపాట్లెన్ని, వంచన లెన్ని? జీవశాస్త్ర వైద్యశాస్త్రములలో నుపసంహృతములైన 2,047 వ్యాసములను ఫెర్రిక్ ఫాంగ్, గ్రాంట్ స్టీన్, ఆర్టురో కాసడెవాల్ అను మువ్వురు పరిశీలించి 2012లో తమ నిర్ణయమును ప్రకటించిరి: నూటికి 67 దుష్ప్రవర్తనవలననే ఉపసంహరింపబడినవి, పొరపాటువలన వెనుకకు వచ్చినవి నూటికి 21 మాత్రమే.

వేయికి రెండన్నచో స్వల్పమే కదా యని మనస్సు కుదుటపడవచ్చును. కాని యిది పట్టుబడిన దొంగల సంఖ్య. జరిగిన దొంగతనముల సంఖ్య కాదు. అందుచేత మఱికొందఱు శాస్త్రజ్ఞులనే తిన్నగ ప్రశ్నించిరి. అట్టి ప్రశ్నావళుల ఫలితముల నన్నిటిని డానియెలె ఫనెల్లి 2009లో నొక్కచో కూర్చి చూడగా, ఒక్కసారియైనను ఫలితములను కల్పించితిమనియో దిద్దితిమనియో యొప్పుకొన్నవారు నూటికి ఇంచుమించు ఇద్దఱు. పుంగనూరు ఆవు విషయమున చెప్పినట్టి సందేహాస్పదమైన పద్ధతుల నవలంబించితి మన్నవారు నూటికి 34 వఱకు నుండిరి. సహోద్యోగులు కల్పించుట తాము చూచితిమని, లేక తమకు తెలియునని చెప్పినవారు నూటికి 14. పిమ్మట నెదర్లాండ్స్ దేశమున, ఉత్తరమిచ్చినవా డెవడో యడిగినవారికిని తెలియని యుపాయముతో ఇంచుమించు 6,800 మంది పరిశోధకులను విచారించి, 2022లో ప్రకటించిన నివేదికననుసరించి, గడచిన మూడేండ్లలో కల్పననో వక్రీకరణమునో చేసినవారు నూటికి ఎనమండ్రు. గోప్యత పెరిగినకొలది ఒప్పుకోలు పెరిగినది.

మాటలను విడిచి వ్యాసములనే పరీక్షించినవారు నున్నారు. ఎలిజబెత్ బిక్ అను సూక్ష్మజీవశాస్త్రవేత్త, 1995 మొదలు 2014 వఱకు 40 పత్రికలలో వెలువడిన 20,621 వ్యాసములలోని చిత్రములను తన కంటితో నొక్కొక్కటిగ పరీక్షించెను. ఒకే ఛాయాచిత్రమును రెండు వేర్వేరు ప్రయోగముల ఫలితమని చూపుటయు, చిత్రమును త్రిప్పియో తలక్రిందులుచేసియో క్రొత్తదిగ నిలుపుటయు మొదలగు దోషములు నూటికి దాదాపు నాలుగు వ్యాసములలో కనబడినవి. వానిలో కనీసము సగము బుద్ధిపూర్వకముగ చేసినట్టి లక్షణములు కలిగియుండెను.

అన్నిటికంటె మించి యాలోచింపదగినది ఆంగ్లదేశపు మత్తువైద్యుడు జాన్ కార్లైల్ చేసిన పరిశీలనము. 'అనస్థీషియా' యను పత్రికకు 2017 ఫిబ్రవరి మొదలు 2020 మార్చి వఱకు వచ్చిన 526 వైద్యపరీక్షల నివేదికల నతడు శోధించెను. వానిలో 73, అనగా నూటికి 14, అసత్యమైన యంకెలు గలవి. నమ్ముటకు వీలులేనంతగ చెడినవానికి అతడు జీవచ్ఛవము లనదగిన పేరు పెట్టెను; అట్టివి 43. ఐతే ఇందొక విశేషము కలదు. రచయితలు సంగ్రహపట్టికలను మాత్రమే యిచ్చినచోట, 373 నివేదికలలో 6 మాత్రమే యసత్యములని తేలినవి. ఒక్కొక్క రోగిని గూర్చిన పూర్తి లెక్కలను తెప్పించుకొన్న 153 నివేదికలలో 67, అనగా నూటికి 44, అసత్యములని తేలినవి. మదనపల్లె టమోటా మండీలో పెట్టె పైవరుసను మాత్రమే చూచినవానికిని, పెట్టెను క్రుమ్మరించి చూచినవానికిని కనబడు సరకు వేఱైనట్లు, సంగ్రహమును చూచినవానికిని మూలమును చూచినవానికిని కనబడిన శాస్త్రము వేఱుగ నుండెను. న్యాయముకొఱకు రెండు మాటలు చేర్పవలెను. ఇవి పత్రికకు పంపబడినవి గాని, యన్నియు అచ్చయినవి కావు. మఱియు, పూర్తి లెక్కలను తొలుత అనుమానము కలిగినచోటనే యడిగిరి. 2019 మొదలు కొన్ని దేశములనుండి వచ్చిన ప్రతి నివేదికకును అడుగసాగిరి. ఆ దేశములలో మనదియు నొకటి. కావున నూటికి 44 అను దానిని లోకమంతటికిని వర్తింపజేయుట తప్పు. కాని పైపై చూచినచో రెండు, లోపల చూచినచో నలువదినాలుగు అను భేదమును మఱచుటయు తప్పే.

కల్పితమైన యంకెలను గుర్తించుటెట్లు? నిజముగ కొలిచి వ్రాసిన సుదీర్ఘమైన పట్టికలో, ఉదాహరణమునకు నూర్లకొలది రోగుల రక్తములోని లవణముల కొలతలలో, చివరి స్థానమందలి యంకెలు సున్న మొదలు తొమ్మిది వఱకు ఇంచుమించు సమముగ వచ్చును. మనుష్యుడు తలచుకొని వ్రాయునపుడు తనకు తెలియకయే కొన్ని యంకెలపై మక్కువ చూపును. ఒకే యంకె వెంటవెంట రాకుండ జాగ్రత్తపడును. ప్రకృతి అట్టి జాగ్రత్త పడదు. మందు పొందినవారి గుంపును, పొందనివారి గుంపును చీట్లు తీసి విభజించినచో, వారి వయస్సుల సగటులు, బరువుల సగటులు కొంత దగ్గఱగను కొంత దూరముగను ఉండవలెను. అన్నియు నతిసమీపముగ సరిపోయినచో, అచట చీట్లు తీయబడలేదని శంకింపవచ్చును. ఒక రోగి వరుసలోని యంకెలు మఱియొక రోగి పేరిట మరల కనబడుటయు కలదు. ఇవి యన్నియు మూలపుటంకెలు చేతిలో నున్నపుడే సాధ్యములు.

కావున వంచన యెంత యన్న ప్రశ్నకు నిజమైన యుత్తర మొక్క యంకె కాదు. వేయికి రెండు, నూటికి రెండు, నూటికి నాలుగు, నూటికి ఎనిమిది, నూటికి పదునాలుగు: ఇవి యొకదాని నొకటి కాదను సమాధానములు కావు, ఒక్కొక్కటి యొక్కొక్క లోతున తీసిన కొలత. లోతు పెరిగినకొలది కొలత పెరిగినది. ఇంతవఱకు మనము లెక్కించినది అసత్యముయొక్క పరిమాణమును గాదు, మన పరిశీలనముయొక్క లోతును.

ఇది పండితులలో పండితులు తీర్చుకొనవలసిన తగవని యెవరైనను తలతురేని, జర్మనీ దేశపు మత్తువైద్యుడు జోయాకిమ్ బోల్ట్ కథను వినవలెను. రక్తము కోల్పోయిన రోగులకు నరములద్వారా ఎక్కించు హైడ్రాక్సీ ఇథైల్ స్టార్చ్ అను ద్రవము క్షేమకరమని యతడు అనేకవ్యాసములు వ్రాసెను. 2010 పిమ్మట వానిలో పెక్కు ఉపసంహృతములైనవి. 2013లో కొందఱు పరిశోధకులు ఆ ద్రవమును గూర్చిన పరీక్షలనన్నిటిని చేర్చి, బోల్ట్ చేసిన ఏడింటిని తొలగించి లెక్క చూడగా, ఆ ద్రవము పొందినవారిలో మరణములును, మూత్రపిండముల చేటును హెచ్చుగనున్నట్లు తేలెను. ఏడు వ్యాసములు చేరియున్నంతకాలము ఆ యపాయము మఱుగుపడియుండెను. అత్యవసరచికిత్సకై కొనిపోబడిన రోగికి ఆ వ్యాసములను చదువు నవకాశము లేదు. వైద్యుని చేతిలోని సీసాను నమ్ముటయే యతనికి గతి.

వంచనకు కారణము కొందఱి దుష్టస్వభావమేయని యూరకుండుట సులభము. కాని స్వభావము లోకమున నన్నికాలములందును ఒక్కతీరుననే యుండును, పెరుగుచున్నది ప్రేరణము. కుప్పములోని వైద్యకళాశాలయైనను, ద్రావిడ విశ్వవిద్యాలయమైనను, దేశమందలి మఱి యే విద్యాసంస్థయైనను జాతీయనియమావళులకు లోబడియున్నవి. వైద్యోపాధ్యాయునికి పదోన్నతి కావలెనన్నచో ప్రకటితవ్యాసము లుండవలెనని భారత వైద్యమండలి 2015లో నియమమును బిగించెను. ప్రయోగశాల, తీరిక, ధనము, శిక్షణ లేనిచోట తెల్లవాఱినది మొదలు రోగులను చూచు వైద్యునివద్దనుండి యంకెలలో వ్యాసములను కోరినపుడు, వ్యాసములు వచ్చును. పరిశోధన మాత్రము రాదు. పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథమును సమర్పించుటకు ముందు వ్యాసమును ప్రకటించియుండవలెనను నియమమును విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము 2009లో పెట్టి 2022లో తొలగించెను. ఆ సంఘమే తాను మున్ను గుర్తించిన పత్రికలలో 4,305 పత్రికలను 2018 మే మాసమున పట్టికనుండి తీసివేసెను.

కోరువా డున్నచోట అమ్మువాడు పుట్టును. 2013లో 'సైన్స్' పత్రికపక్షమున జాన్ బొహానన్, ఏ విద్యార్థియైనను తప్పులు పట్టదగిన యొక కల్పితవ్యాసమును 304 పత్రికలకు పంపగా, 157 పత్రికలు దానిని స్వీకరించినవి. అతడు పంపిన పత్రికలలో మూడింట నొకవంతు మన దేశమునకు చెందినవి. సమీక్షింపకయే డబ్బు గైకొని యచ్చువేయు నిట్టి పత్రికల వ్యాసములు 2010లో 53,000 ఉండి 2014 నాటికి 4,20,000కు పెరిగినవని ఫిన్‌లాండ్ పరిశోధకు లంచనా వేసిరి. హైదరాబాదున 2007లో స్థాపింపబడిన ఓమిక్స్ సంస్థ, తన పత్రికలలోని సమీక్షను గూర్చియు రుసుములను గూర్చియు రచయితలను మోసగించెనని అమెరికా ప్రభుత్వపు వాణిజ్యసంఘము 2016లో అభియోగము తెచ్చెను. 2019 మార్చిలో అచటి న్యాయస్థానము ఐదుకోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలసినదని తీర్పు చెప్పెను. ఇప్పుడు వ్యాసములనే మొత్తముగ తయారుచేసి, రచయితగ పేరు వేసికొను హక్కును విక్రయించు వ్యాపారములు వెలసినవి. ఇట్టి రచనలు ఏడాదిన్నర కొకసారి రెట్టింపగుచున్నవని, శాస్త్రవ్యాసములు మొత్తముమీద రెట్టింపగుటకు ఇంచుమించు పదునైదేండ్లు పట్టుచున్నదని, రీస్ రిచర్డ్‌సన్ ప్రభృతులు 2025లో ప్రకటించిరి.

ఈ చీకటిని చూచి, శాస్త్రము నేమియు నమ్మరాదను నిశ్చయమునకు వచ్చువా డొకడు బయలుదేరును. అతనికి సమాధానము మదనపల్లెయందే కలదు. పట్టణమునకు సమీపమున, ఆరోగ్యవరమున, డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ ఆధ్వర్యమున నొక శతాబ్దమునకు పూర్వమే క్షయవైద్యశాల వెలసెను. 1950 పిమ్మట అచటి జోహన్నెస్ ఫ్రిమొట్ మొల్లరును, అతని సహచరులును చుట్టుపట్ల పల్లెల ప్రజలను పరీక్షించి, క్షయక్రిమి సోకనట్లు తేలినవారిలో ఒకరిని విడిచి యొకరికి బి.సి.జి. టీకా వేసి, ఏండ్లతరబడి వారి యారోగ్యమును కనిపెట్టుచు వచ్చిరి. 1973లో వారు ప్రకటించిన లెక్క యిది: టీకా పొందిన 5,069 మందిలో క్షయ వచ్చినవారు 33, పొందని 5,808 మందిలో 47. అనగా వేయికి ఆఱున్నరకు నెనిమిదికిని గల భేదము. రక్షణ యైదవవంతు మాత్రము. దేశమంతట ఆ టీకాను 1951నుండి మహోద్యమముగ వేయించుచుండిరి. ఆశలు పెద్దవి, ఫలితము చిన్నది. చిన్నదానిని చిన్నదిగనే వారు వ్రాసిరి. చీట్లు తీసి విభజింపక ఒకరిని విడిచి యొకరికి వేయుట ఆ పద్ధతిలోని లోపమని తరువాతివారు గుర్తించుటకు వలసిన వివరమును దాచక వ్రాసిరి.

పిమ్మట 1968లో ఆరంభమైన చెంగల్పట్టు పరీక్ష యింకను కఠోరమైన సత్యమును చెప్పెను: టీకా పొందిన 88,391 మందిలో 505గురికి, పొందని యంతే మందిలో 499గురికి క్షయ వచ్చెను, ఆ జనములో రక్షణ లేదు. ఆ మాటయు అచ్చయినది. ఈ రెండింటితో కూడ 13 పరీక్షలను చేర్చి 1994లో లెక్కించినపుడు, మొత్తముమీద టీకా క్షయమును సగమునకు తగ్గించునని, ఆ శక్తి దేశమునుబట్టి మిక్కిలి మారునని తెలిసినది. పసిబిడ్డలకు మెదడుపొరలకు సోకు క్షయమునుండి గట్టి రక్షణ యిచ్చును గనుక నేటికిని ఆ టీకా వేయుచున్నారు. ఎచట పనిచేయును, ఎచట పనిచేయదను వివేకము లోకమునకు గలుగుటకు ఇట్టి పరీక్షల యంకెలు నిజమైనవగుటయే కారణము. ఆనాడు ఆరోగ్యవరమున నెవడైనను 33ను 13గ దిద్దియుండినచో అతనికి కీర్తి వచ్చియుండును, అడిగిన వాడెవడు నుండడు; చేటు మాత్రము తరువాతి తరముల బిడ్డలకు చుట్టుకొనియుండును.

సత్యసంధత వ్యక్తిగతమైన శీలమే యైనను, దానిని శీలమునకే విడిచిపెట్టుట ఏ సమాజమునకును తగదు. చేయవలసినవి స్పష్టముగనే యున్నవి. ప్రతి పరిశోధనముయొక్క మూలపుటంకెలు వ్యాసముతోడనే భద్రపఱుపబడి, కోరినవారికి చూపబడవలెను. రోగుల పేర్లు మఱుగుపఱచియైనను లెక్కలను మఱుగుపఱుపరాదు. వైద్యపరీక్షను ప్రారంభించుటకు ముందే దాని యుద్దేశమును పద్ధతిని నమోదు చేయవలెనను నియమము మన దేశమున 2009నుండి కలదు. నమోదుచేసినదియు, ప్రకటించినదియు సరిపోవుచున్నవా యని చూచువారు నుండవలెను. ఒకరి ప్రయోగమును మఱియొకరు మరల చేసి సరిచూచుటయు, ఫలింపని ప్రయోగమును ఫలింపలేదని వ్రాయుటయు, క్రొత్తదానిని కనుగొనుటతో సమానమైన గౌరవమును పొందవలెను. ఆరోపణము వచ్చినపుడు విచారించువారు ఆ సంస్థకు వెలుపలివారై యుండవలెను. ఉపాధ్యాయుని విలువను వ్యాసముల సంఖ్యతో తూచు నలవాటును మానవలెను. వైద్యునికి వైద్యమువలనను, బోధకునికి బోధనవలనను పదోన్నతి లభించు మార్గ ముండవలెను.

ఇన్ని కొలతలను మనకిచ్చినవారు శాస్త్రమునకు శత్రువులు కారు. ఫనెల్లి, బిక్, కార్లైల్, దాస్‌గుప్తా అందఱును శాస్త్రజ్ఞులే. తన యసత్యమును తానే వెదకి, లెక్కించి, పేరుపెట్టి ప్రకటించు విద్య మనుష్యుని యధీనమున మఱియొకటి కనబడదు. ఆ వెదకుటకు మన విశ్వవిద్యాలయములును, ప్రభుత్వములును, పాఠకులును తోడుపడిననాడు శాస్త్రముపై మనకుగల విశ్వాసము దయాభిక్షగ నుండక, చూచి నమ్మిన నమ్మకమగును. అట్టి నమ్మకమునకు మాత్రమే మన బిడ్డల ప్రాణములను అప్పగింపదగును.